సాదుడు కాగితం

తనను భార్యే పోషిస్తున్నదని సర్కారు ముద్రతో ఒక కాగితం కావాలి. అది ఉంటేనే దయానంద్‌కు మస్కట్‌లో భార్య దగ్గర ఉండే వీసా వస్తుంది.

దయానంద్ ఆర్మూర్ మార్కెట్ యార్డులో హమాలి. భార్య రూత్ మస్కట్‌లో ఒక దవాఖానలో నర్సు. మేనమామ కూతురే. పసుపు బస్తాలు మోసి ఆమెను నర్సు చదువుకు పంపింది దయానందే. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడానికి అతనికి ఏనాడూ బెరుకు లేదు. ఇప్పుడు వరుస తిరగబడింది.

ఈ వీసా కోసం తిరగని ఆఫీసు లేదు. పాస్టరుగారు రాసిచ్చిన పెండ్లి పత్రం చెల్లదన్నారు. రిజిస్ట్రారు దగ్గర ఇంకోటి తెచ్చాడు. దానికి హైదరాబాద్ ముద్ర కావాలన్నారు. ముద్ర వేయించుకొస్తే, ఫొటో వెనకాల నీలం పనికిరాదు, తెలుపు ఉండాలన్నారు. తెల్ల ఫొటో ఇస్తే, నీకు సంపాదన లేదన్న కాగితమేదీ అన్నారు. తిరుగుడుకు అతను జంకలేదు. ఈ కడపటి కాగితమే గొంతులో ముల్లయి కూర్చుంది.

మండలాఫీసు గుమాస్తా దరఖాస్తు చదివాడు. పక్క బల్ల ఆయనకు వినిపించేటట్టు ఇంకోసారి చదివాడు.

"అంటే నిన్ను నీ పెండ్లామే సాదుతుందన్నట్టు."

"అక్కడి రూలు గట్లుంది సారూ."

"రూలు సంగతి గాదయ్యా. నిజమేనా అని. గిర్దావర్ సారు వచ్చి నలుగురిని అడుగుతడు. వాళ్లు అవునంటెనే కాగితం."

"ఎక్కడికొస్తడు సారూ?"

"నువ్వు యాడుంటె గాడికి."

యార్డులో దయానంద్ చెప్పుకున్న సంగతి వేరు. మస్కట్‌లో కంపెనీ జాబు దొరికింది, స్టోర్ కీపర్ పని అని అందరికీ చెప్పాడు.

గిర్దావర్, అంటే మండల రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, రానే వచ్చాడు. పసుపు కొమ్ములు రాశులు పోసి ఉన్నాయి. వేలంపాట అయిపోయి కాంటా మీద తూకం నడుస్తోంది. దయానంద్ వీపున బస్తా ఉంది.

"మీలో దయానంద్ ఎవరు? భార్య సంపాదన మీద బతుకుతున్ననని దరఖాస్తు పెట్టుకున్నడు. మీకెరికేనా?"

తోటి హమాలి నడిపయ్య అందుకున్నాడు. వాడి నోటికి తాళం ఎన్నడూ లేదు.

"ఏందిరో, స్టోర్ కీపర్ అంటివి. రూతమ్మ గిన్నెలకా కీపరు?"

యార్డంతా నవ్వింది. చాటలతో పసుపు చెరుగుతున్న ఆడవాళ్లు సైతం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హమాలీల మేస్త్రి ముత్తెన్న మాత్రం నవ్వలేదు. "ఊకోండ్రిరా" అన్నాడు.

"నువ్వే చెప్పు. సంపాదన ఉన్నదా, లేదా?" అని గిర్దావర్ దయానంద్‌నే అడిగాడు.

"ఉన్నది సారూ. నా రెక్కల కష్టం నేను తింటున్న. దరఖాస్తు రాసినోడు తప్పు రాసిండు."

గిర్దావర్ అదే రాసుకొని వెళ్లిపోయాడు. దయానంద్‌కు ఒళ్లు తేలికయింది. బస్తా కాంటా మీద దించేసరికి ఆ తేలిక కాస్తా పోయింది.

శుక్రవారం రూత్‌కు సెలవు. చర్చి పక్కన ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తుంది.

"కాగితం వచ్చిందా బావా?"

"లేదు. గిర్దావర్ కానియ్యలే."

"ఎందుకట?"

"ఏమో. ఆయన మనసు."

దవాఖానవాళ్లు ఇస్తామన్న ఫ్యామిలీ క్వార్టరు ఈ నెల దాటితే ఇంకొకరికి పోతుంది. అది ఇద్దరికీ తెలిసిందే.

"ఫికర్ చెయ్యకు బావా. రేపటి సంది ఉపాసముంట. ఆ గిర్దావర్ మనసు దేవుడు మెత్తబరుస్తడు."

పగలంతా రోగుల చుట్టూ తిరిగే మనిషి. కడుపు మాడ్చుకుంటుందట. ఎవరి కోసం? ఏ పాపం ఎరగని గిర్దావర్ కోసం. దయానంద్ బూతు గోడ వైపు తిరిగాడు.

"ఉపాసాలొద్దు. మనసు ఆయనది గాదు, నాది. సంపాదన ఉన్నదని నేనే చెప్పిన."

"ఎందుకట్ల చెప్పినవ్?"

"అక్కడ అందరున్నరు రూతూ."

"నాకిక్కడ ఎవరున్నరు బావా?"

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండును అనిపించింది అతనికి.

సోమవారం గిర్దావర్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన విసుక్కున్నాడు. అయినా చెడ్డవాడు కాదు. మళ్లీ వస్తానన్నాడు, కానీ ఈసారి మేస్త్రి నోటితోనే చెప్పించి వేలిముద్ర తీసుకుంటానన్నాడు. దయానంద్ తిన్నగా ముత్తెన్న దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపు నేల వైపే చూశాడు.

ముత్తెన్న బీడీ ఆర్పాడు.

"నేను వెయ్య."

"కాకా..."

"నా కండ్ల ముంగట మూటలు మోస్తున్నవ్. పని లేదని నేనెట్ల వేలు పెడ్త? సర్కారు కాగితమది. అబద్ధానికి వెయ్య."

"మరెట్ల?"

"మోసుడు బందు చెయ్యి. ఊకె కూసో. చూస్త, చూసింది చెప్త."

"ఇంటికాడ ఉంట కాకా."

"ఇంటికాడ కూసుంటె నాకేం కనబడ్తది? కూసుంటె ఈడనే కూసో, నలుగురి ముంగట."

ముత్తెన్న మాటలో ఎకసెక్కం లేదు.

తెల్లారి దయానంద్ ఉతికిన అంగీ వేసుకొని యార్డుకు వచ్చాడు. బస్తా గుంజే కొక్కెం ఇంట్లోనే వదిలేశాడు. కాంటా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. సీజను ముమ్మరంగా ఉంది. కమ్మర్‌పల్లి దిక్కు నుంచి ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. మనుషులు చాలడం లేదు. తనకంటే పెద్దవాళ్లు వంగి నడుస్తున్నారు. బస్తా జారినప్పుడల్లా అతని చేతులు ముందుకు పోయాయి. వాటిని తొడల కింద పెట్టుకున్నాడు. నడిపయ్య ఎదురుగానే బస్తాతో పోయాడు, వచ్చాడు. ఒక్క మాటా అనలేదు. ఆ మాట అనకపోవడమే అతన్ని ఎక్కువ కాల్చింది.

ఏటేటా పసుపు తెచ్చే కమ్మర్‌పల్లి రైతు అంజన్నకు దయానంద్ తెలిసినవాడే. దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా, పానం బాగలేదా? లేకుంటె జర చెయ్యెయ్యి, పొద్దు పోతుంది."

జ్వరమంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ముత్తెన్న అటు తిరిగి బస్తాలు చూసుకుంటున్నాడు.

"పానం మంచిగనే ఉన్నది పటేలా. నేను మోస్తలేను. నన్ను నా పెండ్లాం సాదుతుంది."

మెల్లగా చెప్పబోయాడు గాని గొంతు పెద్దగానే వచ్చింది. చాటల చప్పుడు ఆగింది. అంజన్న రుమాలు సర్దుకున్నాడు, ట్రాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు.

గిర్దావర్ ఆ రోజు రాలేదు. రేపు రావచ్చు అన్నారు. దయానంద్ పొద్దుగూకే దాకా అరుగు దిగలేదు.