ఎడమవైపు తలుపు

మామగారి ఎర్ర కారుకు నలభై ఒక్క ఏళ్లు. ఫ్యాక్టరీలో వేసిన రంగే ఇంకా ఉంది. పాత కార్ల ప్రదర్శనలో, అసలు రంగు చెక్కుచెదరని కార్ల వరుసలో దాన్ని నిలబెట్టాలని ఆయన కోరిక. దరఖాస్తు ఈ సాయంత్రంలోగా ఇవ్వాలి. కారు మొత్తం అసలు రంగేనని సంతకం పెట్టాలి. ప్రదర్శన రోజు తెల్లగుడ్డతో ఒక్కో భాగం రుద్ది చూస్తారు. అబద్ధమని తేలితే అందరి ముందూ కారును బయటికి పంపేస్తారు.

ఏడాదికోసారి కారుకు మైనం పట్టించడం ఆ ఇంట్లో ఇద్దరి పని. కుడివైపు మామగారిది, ఎడమవైపు అత్తగారిది. పద్దెనిమిదేళ్లుగా ఆ హద్దు ఎవరూ దాటలేదు. ఈసారి అత్తగారికి భుజం పట్టేసింది. పెళ్లయి ఐదు వారాలైన కోడలు మైనం డబ్బా అందుకుంది.

"నేనే చేస్తాలే, నీకెందుకమ్మా శ్రమ," అని అత్తగారు మూడుసార్లు అన్నారు. మొహమాటమనుకుంది కోడలు.

మైనం వాసన ఆమెకు నచ్చింది. రేకులో తన మొహం కాస్త వెడల్పుగా కనిపించడం ఇంకా నచ్చింది. వెనక తలుపుతో మొదలుపెట్టింది. నాలుగు తుడుపులకే గుడ్డ ఎర్రబడింది. గుడ్డ మడత మార్చి గట్టిగా రుద్దింది. ఇంకా ఎర్రగా వచ్చింది.

"మామయ్యగారూ, ఎంత తుడిచినా మురికి వదలట్లేదండీ."

"ఏ రంగులో ఉంది?"

"ఎర్రగా."

"అది మురికి కాదమ్మా, కారు," అన్నారాయన అటువైపు నుంచి. "ఇంకాసేపు రుద్దావంటే సీట్లు కూడా వచ్చేస్తాయి."

కోడలు గుడ్డ వెనక్కి లాక్కుంది. ఆయనే వచ్చి చెప్పారు. పాత రంగు మీద అద్దంలాంటి పైపూత ఉండదు. అందుకే గుడ్డకి అంటుతుంది. పల్చటి పొర, మళ్లీ రాదు. మైనం మెల్లగా పట్టించాలి. "మీ ఆయన పళ్లు తోముకున్నట్టు కాదు," అని తన వైపు వెళ్లిపోయారు.

కోడలు కొత్త గుడ్డ తీసి ముందు తలుపు మెల్లగా తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఇంకాస్త ఒత్తి తుడిచింది. తెల్లగానే ఉంది. తలెత్తేసరికి వంటింటి కిటికీలో అత్తగారు, చేతిలో గరిటె. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

కోడలు లోపలికెళ్లింది.

"తెల్లగానే వచ్చిందా?"

"అవునత్తయ్యా."

అత్తగారు గరిటె పక్కన పెట్టారు. "పద్దెనిమిదేళ్ల కిందట నేను కారు తీస్తుంటే ఆ తలుపు గేటుకి గీసుకుంది. ఆయన ఆఫీసు పని మీద ఊరెళ్లారు, పది రోజులు. వచ్చేలోగా కొత్త రంగు వేయించేశాను."

"మరి ఇన్నేళ్లూ గుడ్డ చూడలేదా ఆయన?"

"వెనక తలుపు రెండింతలు రుద్దేదాన్ని."

కోడలికి నవ్వాగలేదు. ముందు గదిలో కుర్చీ జరిపిన చప్పుడైంది. మామగారు దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నారు. నవ్వు అక్కడికి ఆగింది.

"సంతకం పెట్టేస్తారత్తయ్యా."

అత్తగారు పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్లారు. ఏం చెప్పారో కోడలికి వినపడలేదు. మామగారు మాత్రం బయటికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆ తలుపును తన గుడ్డతో తుడిచి చూశారు. గుడ్డ తిప్పి మళ్లీ తుడిచారు.

"రంగు కలిపినవాడు గట్టివాడే," అన్నారు చివరికి, ఎవరితోనూ కాదన్నట్టు.

లోపలికొచ్చి దరఖాస్తులో అసలు రంగు వరుస కొట్టేసి, మళ్లీ రంగు వేసిన కార్ల వరుస అని రాశారు.

"అదెక్కడుంటుంది మామయ్యగారూ?"

"షెడ్డు వెనకమ్మా. దారి తప్పినవాళ్లు చూస్తారు." అత్తగారి వైపు తిరగకుండానే, "రంగు వేయించిన తేదీ?" అన్నారు.

ఆవిడ తడుముకోకుండా తేదీ, వారం, టైముతో సహా చెప్పారు.

"కారణం అని ఒక గడి ఉంది."

"నేనేనని రాయండి."

ఆయన ఆ గడిలో 'గేటు' అని రాశారు.