ఆరోగ్యమ్మ నింపిన గొట్టం

…కాదు, బరువు కాదు. బరువు ఎప్పుడో అలవాటైపోయింది. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఈ నిండుదనం. ఖాళీగా ఉండటానికే పుట్టినదాని లోపల, గాలి దూరే సందు కూడా లేకుండా ఇంకొకరి చేతి పని బిగిసి ఉంటే దాన్నేమనాలో నాకు తెలియదు. మనుషులకు తెలుసేమో. తెలిసినట్టు తిరుగుతుంటారు మరి.

నేను ఒక ఇనుప గొట్టాన్ని. పెద్ద లారీ ఇంజనుకు ఎడమవైపు టర్బో కింద బిగించే ఆయిల్ డ్రెయిన్ పైపుని అని చెప్పుకోవాలి. కాని ఒక్క వంపూ తిరగని, ఒక్క చుక్క నూనె కూడా ఎరగని గొట్టం ఆ పేరు ఎలా చెప్పుకుంటుంది? విజయవాడ ఆటోనగర్‌లో జోజప్ప షెడ్డు గోడకు, రెండు మేకుల మీద అడ్డంగా పడుకుని ఉన్నాను. రెండు చివరలా చెక్క బిరడాలు. లోపల కృష్ణ ఇసుక. ఆ ఇసుక నింపింది జోజప్ప భార్య ఆరోగ్యమ్మ. నింపిన రోజే ఆమె చనిపోయింది. అందుకని జోజప్ప నన్ను వంచడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు, ఖాళీ చెయ్యడు. నా కథంతా ఇంతే. మిగిలినదంతా ఈ మాట చుట్టూ తిరగడమే.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఎక్కడో ఒక మిల్లులో ఎర్రగా కాలి, సాగి, చల్లారి, నాలాంటివాటితో కట్టగా వచ్చి ఒక ఇనుప దుకాణం ముందు ఎండలో నిలబడ్డాను. అప్పుడు నా పొడవు ఇప్పటికి రెండింతలు. జోజప్ప వచ్చి, లోపల తుప్పుందేమోనని ఒక చివర కన్ను పెట్టి చూశాడు. రెండో చివర ఆరోగ్యమ్మ కన్ను పెట్టింది.

“ఏం కనబడతందే?” అన్నాడతను.

“ముసలి కన్నొకటి. మూసుకోకుండా ఉంది, పర్లేదు,” అందామె.

ఆ ఇద్దరి చూపులూ నాలో ఎదురుపడ్డ ఆ క్షణమే నా పుట్టుక అనుకుంటాను. అంతకు ముందుదంతా ఇనుము.

షెడ్డుకు తెచ్చి నన్ను రెండుగా కోశారు. ఆ రెండో ముక్క నా కవల. మమ్మల్ని తెచ్చింది గవరయ్య లారీ కోసం. అనకాపల్లి దగ్గరి మనిషి. సొంత లారీ మీద ట్రాన్స్‌ఫార్మర్లను కొండ దారుల్లో పైకి చేరుస్తుంటాడు. దాని ఇంజను రెండు వరసలుగా విచ్చుకున్న పెద్ద ఇంజను; కుడి వరసకొక టర్బో, ఎడమ వరసకొక టర్బో. పొగ విసురుకు తిరిగే ఆ చక్రాలు నూనె పొర మీద తేలుతూ ఉండాలి, లేకపోతే మాడిపోతాయి. నూనెను వాటి దాకా ఎక్కించేది ఫీడ్ లైను. అది చిటికెన వేలంత సన్నం. అయితేనేం, దాని వెనక పంపు ఉంది. పని చేసి, కాగి, నురగెత్తిన నూనెను తిరిగి ఇంజను అడుగున ఉన్న చాంబరులోకి దించేది మేము. మా వెనక ఎవరూ ఉండరు. నూనె తన బరువుతో తాను జారాలి. అందుకే మేం లావుగా ఉంటాం. దారి పొడుగునా కిందికే దిగుతాం. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, పొట్టలా వేలాడకూడదు.

జోజప్ప ఈ సంగతి షెడ్డు గుమ్మం తొక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు. “ఎక్కేదానికి పంపుందయ్యా, దిగేదానికేముంది? దారొక్కటే. ఆ దారి నువ్వియ్యకపోతే అది నీకోసం ఆగదు. సీలు దాటి పొగలో కలుస్తది. అప్పుడు టర్బో పోయిందని టర్బోని తిడతారు.”

మనుషులు ఎదుటివాడికి చెప్పే మాటలను తమ చెవులు వినకుండా ఎలా అడ్డుపెట్టుకుంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

గొట్టాన్ని ఊరికే కాల్చి వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల ఇసుక దట్టించి వంచితే గుండ్రం చెడదు. ఆటోనగర్‌లో అందరూ చేసేదే. ఈ షెడ్డులో మాత్రం ఇసుక పని ఆరోగ్యమ్మది. పాత చీర ముక్కలో జల్లించేది. ఒకప్పుడు బూరెలు వేయించిన మూకుడులో ఇసుకను వేయించేది. వేళ్ళ సందుల్లోంచి జార్చి చూసేది. ఒక్క రేణువు వేలికి అంటుకున్నా మళ్ళీ మూకుడు పొయ్యి మీదికి ఎక్కేది. ఇసుకలో తడి ఉంటే, గ్యాసు మంట తగలగానే ఆవిరై బిరడాను తుపాకి గుండులా తన్నేస్తుంది. జోజప్ప ఎడమ కనుబొమ్మ మీది మచ్చ అలాంటి బిరడా చేసినదే. అది పెళ్ళికి ముందుది. పెళ్ళయ్యాక ఒక్క బిరడా కూడా ఎగరలేదు.

గొట్టం నడవాల్సిన దారికి ముందుగా సన్న కడ్డీతో అచ్చు తీస్తారు. జోజప్ప పైన టర్బో దగ్గర నుంచి కడ్డీని వంచుకుంటూ వస్తే, ఆమె లారీ కింద వెల్లకిలా పడుకుని రెండో కొసను చాంబరు దగ్గర పట్టుకునేది.

“అప్పా, నా లారీ కిందే నీకో ఇల్లు కట్టిచ్చెత్తానే, అద్దె ఒద్దులే,” అనేవాడు గవరయ్య. ఆమెను సొంత అక్కలాగే అప్పా అని పిలిచేవాడు.

“నీ లారీ కింద కారే నూనెకి గొడుగు కూడా ఇయ్యాల్రా నువ్వు,” అనేది ఆమె, కింద నుంచే.

కుడివైపు దారి తిన్ననిది. నా కవల ఆ పొద్దున్నే నిండి, ఎర్రబడి, వంగి, ఖాళీ అయి, డీజిల్‌తో కడిగించుకుని లారీకి ఎక్కేసింది. ఎడమవైపు స్టీరింగ్ బాక్సు అడ్డం. దాన్ని చుట్టి వెళ్ళాలి, వాలు పోగొట్టుకోకూడదు. అచ్చు తియ్యడానికే మధ్యాహ్నమైంది. తరవాత ఆరోగ్యమ్మ నన్ను రెండు పాదాల మధ్య నిలబెట్టుకుని నింపింది. గుప్పెడు పొయ్యడం, జామకర్రతో కింది నుంచి పైకి కొట్టుకుంటూ రావడం. మొదట్లో నేను మోగాను. నిండేకొద్దీ ఆ మోత మెత్తబడి, అణిగి, చివరికి చెక్క మీద కొట్టినట్టయింది. ఆమె తల వంచి చెవి దగ్గరపెట్టి విన్నది. బిరడా బిగించింది.

“నిండిందయ్యా. ఇంక నీదే ఆలస్యం,” అని, టీ పెట్టడానికి వెనక ఇంట్లోకి వెళ్ళింది.

గిన్నె పడిన చప్పుడు విన్నాను. తలలో నరం చిట్లిందన్నారు.

జోజప్ప ఏడవలేదు. గుణదల నుంచి వచ్చిన చుట్టాలకు కుర్చీలు వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, ఎండలో నిలబడ్డవాళ్ళను నీడకు పిలిచాడు. గవరయ్య లారీ చక్రానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే అతని వీపు రాశాడు. ఎంత నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. మనుషులు మెచ్చుకునేవాటిలో సగం, నా దృష్టిలో, మూసుకుపోయిన గొట్టాలు.

లారీ ఎన్నాళ్ళని ఆగుతుంది? షెడ్డు తెరవగానే జోజప్ప నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గ్యాసు వెలిగించాడు. మంటను నా దాకా తెచ్చి, ఆర్పేశాడు. నన్ను మేకుల మీద పెట్టి, ఎడమ టర్బోకి ఒక రబ్బరు గొట్టం తగిలించాడు.

“ఈ ట్రిప్పుకి నడుపు. వచ్చినప్పుడు పైపు ఏస్తా,” అన్నాడు గవరయ్యతో.

వచ్చినప్పుడు వానలు తగ్గనీ అన్నాడు. ఆ తరవాత గ్యాసు లేదన్నాడు. వంపులున్న పనులు ఒప్పుకోవడం మానేశాడు. ఇంకో గొట్టం తెచ్చి చెయ్యొచ్చు కదా అని పక్క షెడ్డువాళ్ళు అంటే వినబడనట్టు ఉండేవాడు. నాకు అర్థమైంది. ఇంకొక గొట్టాన్ని నింపితే, ఆమె నింపింది ఆఖరిది కాకుండా పోతుంది.

రోజూ పొద్దున షెడ్డు తలుపు తియ్యగానే నా దగ్గరికి వచ్చేవాడు. వేలి కణుపుతో ఒక్కసారి కొట్టేవాడు. ఆ మొద్దు చప్పుడు విని, తల ఊపి, పనికి వెళ్ళేవాడు. తలుపు కొట్టి, లోపల మనిషి ఉన్నట్టు నమ్మకం కలిగాక వెళ్ళిపోయేవాడిలా. జామకర్రను మాత్రం ముట్టుకునేవాడు కాదు. అది కడ్డీ అచ్చు పక్కన అలాగే వేలాడుతోంది. నేను తిరగాల్సిన వంపులన్నీ ఆ కడ్డీలో ఉన్నాయి. నేను తిన్నగా పడుకుని వాటిని చూస్తూ ఉన్నాను.

వానాకాలం వచ్చి వెళ్ళింది. చెక్క బిరడాలు తేమకు ఉబ్బాయి. ఆమె అంత జాగ్రత్తగా వేయించిన ఇసుక, రేణువు రేణువుగా, గాలిలోని తడిని తాగడం మొదలుపెట్టింది. దాన్ని ఆనుకున్న నా లోపలి గోడ ఎర్రబడుతోంది. ఎప్పటికీ అలాగే ఉంచుకోవాలనుకున్నది, తాను కొట్టి చూసే ఆ చప్పుడు కిందే మారిపోతోందని అతనికి చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న రెండు నోళ్ళూ బిగించి ఉన్నాయి.

ఇవన్నీ ఇలా తలపోసుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం గవరయ్య వచ్చాడు. లారీ కంటే ముందు పొగ వచ్చింది. ఆగీ ఆగగానే దూకి, మూతి మీద చెమట తుడుచుకుంటూ నవ్వాడు. భయపడ్డవాళ్ళు నవ్వే నవ్వు.

“బావా, నా ఇంజనికి దెయ్యం పట్టింది. తాళం తీసేసినా ఆగలేదు.”

“ఎక్కడ?”

“ఎర్రవరం దాటాక. నూనె మొత్తం గాలిగొట్టంలోకి కారిపోతంది గావాల. తన నూనె తానే తాగేసి, అరుసుకుంటా తిరుగుతంది. నాను టాప్ గేర్లో ఏసి, బ్రేకు మీద నిలబడిపోయి క్లచ్చి ఒదిలీసినాను. అప్పుడు సచ్చింది ముండ.” నవ్వు ఆగిపోయింది. “టర్బో మార్చీమన్నారు, మార్చినాను. మళ్ళీ అదే. బావా, సోమారం లోడెక్కాల. ఘాటీలో ఇలగయితే నానుండను.”

జోజప్ప రబ్బరు గొట్టం తగిలించాక మొదటిసారి ఆ లారీ కిందికి దూరాడు. ఆమె కడ్డీ కొస పట్టుకుని పడుకునే చోటే పడుకున్నాడు. రబ్బరు గొట్టం వేడికి సాగి, స్టీరింగ్ బాక్సు పక్కన పొట్టలా జారి వేలాడుతోంది. దాని అడుగున వేలు పెట్టాడు. లోపల ఎటూ పోలేని నూనె నిలిచి ఉంది. చాలాసేపు ఆ వేలు అక్కడి నుంచి తియ్యలేదు.

“దారి లేదు దీనికి,” అన్నాడు కింద నుంచి. ఆ గొంతు నేను అంతకు ముందు విని ఉండలేదు. “తప్పు టర్బోది కాదురా. నాది.”

“ఎవుల్దయితే ఏటి బావా? పైపు అక్కడుంది కదా గోడకి!” గవరయ్య నా వైపు చెయ్యి చూపించాడు. “ఆ పైపు ఎయ్యి.”

“అది తడి పట్టి ఉంటది. కాలిస్తే పేలుద్ది.”

“అయితే ఇసక తీసీ. ఆ ఇసకే మళ్ళీ ఏయించి పోసుకో. ఎక్కడికి పోద్ది?”

జోజప్ప బయటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. “ఇసుక కాదురా గవరా. ఇసుక ఏట్లో ఉంది, ఎంతైనా తెచ్చుకోవచ్చు. ఆ దట్టింపు ఆమెది. కొడితే వచ్చే చప్పుడు ఆమెది. ఒకసారి ఒంపానంటే మళ్ళీ నింపేది నేను. అది నా చప్పుడవుద్ది.”

గవరయ్య కళ్ళు ఎప్పటిలాగే ముందుగా నిండాయి. అతనికి ఆ అదృష్టం ఉంది.

“అప్ప చివరి పని నీ గోడకి ఏలాడతా ఉంది, నా లారీ కింద రబ్బరు గొట్టం ఏలాడతా ఉంది. ఇందుకేనా అది నింపింది? ‘నీదే ఆలస్యం’ అందని నువ్వే కదా చెప్పినావు నాకు. ఏరే షెడ్డుకి ఎల్లిపోగలను బావా. అప్ప మొకం చూసి ఒచ్చినాను.” ముక్కు చీదుకున్నాడు. “అచ్చు సరిచూడాలంటే ఆ కొస నాను పట్టుకుంతాను. నాకు దానిలాగ రాదనుకో. తిట్టు. పడతాను.”

జోజప్ప లేచాడు. నన్ను మేకుల మీద నుంచి దించాడు. అలవాటుగా వేలి కణుపు పైకి లేచింది. కొట్టలేదు.

ఆరోగ్యమ్మ పీట మీద కూర్చుని, మూకుడును పాదాల మధ్య పెట్టుకున్నాడు. పట్టకారుతో బిరడాను పట్టుకున్నాడు. ఉబ్బిపోయిన చెక్క కదల్లేదు. ఒక్క క్షణం, ఇది రాకపోతే బాగుండునని అతని చేతులు కోరుకోవడం నాకు తెలిసింది. తరవాత ఆ చేతులే మెలిపెట్టాయి. కీచుమని బిరడా ఊడింది.

నన్ను మూకుడు మీదికి వాల్చాడు. ఇసుక రాలేదు. ఆమె దట్టించిన పని అది. తడితో ఇంకా గట్టిపడింది.

“బాగా దట్టించావే,” అన్నాడు, నాతో కాదు.

గవరయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. జోజప్ప గోడ వైపు చెయ్యి చాచి జామకర్రను తీసుకున్నాడు. ఆమె పట్టు పడి నునుపెక్కిన చోట అతని వేళ్ళు సరిగ్గా కుదరలేదు. కొంచెం జరిపి పట్టుకున్నాడు. ఆమె కింది నుంచి పైకి కొట్టుకుంటూ వచ్చేది. అతను పై నుంచి కిందికి మొదలుపెట్టాడు.

మొదటి దెబ్బకు చిటికెడు ఇసుక మూకుడులో రాలింది. లేత ఎరుపు రంగు, తుప్పు కలిసి. దాని వెనక, ఎవరూ తొయ్యకుండా, తన బరువుతో తానే ఇంకొంచెం జారింది. అది జారినంత మేరా నాలో గాలి చేరింది. అక్కడ నేను మళ్ళీ సన్నగా మోగాను.

ఆ మోత విని జోజప్ప ఆగాడు. నన్ను ఇంకొంచెం వాల్చి పట్టుకుని, రెండోసారి కొట్టాడు.