కుడికాలికి కొత్తది

ముప్ఫయ్యో చుట్టు దాటేసరికి మీటరుకు అనుమానం మొదలైంది. బూటు మరీ బాగుంది. బాగున్న బూటును అతను ఎన్నడూ నమ్మలేదు. బూట్ల కంపెనీ వెనకున్న నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద కొత్త నమూనాలు తొడుక్కుని పరిగెత్తడం, ఎక్కడ కరుస్తోందో, ఎక్కడ ఒరుస్తోందో ఫారంలో రాయడం అతని ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

మొదటి చుట్టుకీ డెబ్బయ్యో చుట్టుకీ మధ్య సెకను తేడా రానివ్వడని అతనికి మీటరు అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. నలభై ఏడేళ్ల మనిషి. ఎండకు కమిలిన మెడ, ఎముకను అంటుకున్న పిక్కలు, ఊడి మళ్లీ వంకరగా మొలిచిన బొటనవేలి గోళ్లు. భూమి చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చేంత దూరం పరిగెత్తి ఉంటాడు గాని, ఆ గోడ దాటి ఎక్కడికీ పోలేదు.

ఈరోజు కాళ్లకున్నది వింత సరుకు. పాదం ముందుభాగం కింద నాలుగు వేళ్ల మందాన మెత్తటి అట్ట, లోపల గట్టి పలక. మడమ కింద మాత్రం ఏమీ లేదు, అక్కడికి అట్టను కోసేశారు. నిలబడితే వెనక్కి తూలాలి, కాబట్టి మనిషి ముందుకు ఉరకాల్సిందే. "మడమ దగ్గరికొచ్చేసరికి సరుకైపోయిందా?" అని కాంటీన్‌లో అందరూ నవ్వారు. మీటరు నవ్వలేదు. వచ్చే నెల నలభై రెండు కిలోమీటర్ల పందెంలో ఈ బూటుతో పరిగెత్తడానికి కంపెనీ ఎంచుకున్న వాళ్లలో అతని కూతురు ఉంది.

కొత్త బూటును పరీక్షించేటప్పుడు ఒక కాలికి కొత్తది, రెండో కాలికి రోజూ వాడే పాతరకం తొడుగుతారు. అప్పుడే తేడా తెలుస్తుంది. ఏ కాలికి ఏదన్నది ఒకప్పుడు పరిగెత్తేవాడి ఇష్టం. మీటరు చేరిన రోజు నుంచీ కొత్తది కుడికే తొడిగాడు. ఉద్యోగం ఫారంలో 'పాత గాయాలు' అన్నచోట 'లేవు' అని రాశాడు మరి. అంతకు ఏడాది ముందే ఓ పందెంలో అతని ఎడమ మడమ నరం తెగింది. అతుక్కుంది గాని పూర్తిగా కాదు. ఇంట్లో మూడేళ్ల పిల్ల, చేతిలో ఇంకో పని లేదు. ఎడమకాలికి ఎరిగిన బూటు వేసి, బరువు కుడి మీదికి నెట్టి బతుకు లాక్కొచ్చాడు. తర్వాత ఎవరో పెద్దాయన ఈ పద్ధతి బాగుందని మెచ్చుకుని నియమాల పుస్తకంలో ఎక్కించాడు: 'కుడికాలికి కొత్తది.' అతని అబద్ధం అచ్చయింది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని బట్టీపట్టారు.

ఈ బూటుతో ఆ ఆట సాగలేదు. పాతదానికన్నా ఇది రెండు వేళ్ల ఎత్తు. చెరో రకం వేసుకుంటే కుంటుతూ పరిగెత్తాలి. అందుకని మొదటిసారి రెండు కాళ్లకూ కొత్తవే వేశారు.

నలభయ్యో చుట్టు వరకూ నిజంగా సుఖంగా ఉంది. ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి నెడుతున్నట్టే ఉంది. ఇరవై ఏళ్ల క్రితం ఇది ఉంటే ఆ పందెం గెలిచేవాణ్ణేమో అనుకున్నాడు, అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. యాభయ్యో చుట్టులో ఎడమ మడమ తన దెబ్బను గుర్తుచేసింది. అది పాత సంగతే, అలవాటుగా బరువు పక్కకు మార్చాడు. యాభై ఎనిమిదిలో కుడి మడమ పైన, సరిగ్గా ఆసరా లేనిచోట, నరం లాగింది. ఆ నొప్పి కుడికాలికి కొత్త. అరవయ్యో చుట్టులో ఆగిపోయాడు. మీటరు మధ్యలో ఆగడం అంతకుముందెన్నడూ ఎవరూ చూడలేదు.

ఇన్‌ఛార్జి ముప్ఫై అయిదేళ్ల మనిషి, మర్యాద తెలిసినది. కుర్చీ చూపించింది.

"కుడి మడమ నరం లాగుతోంది మేడమ్. అలిసినాక ఈ బూటు కాలిని తినేస్తుంది. దీన్ని బయటికి పంపకండి."

"ఎడమ?"

"బాగానే ఉంది."

పంతొమ్మిదేళ్ల అలవాటు, నోరు దానంతటదే పలికింది. ఇన్‌ఛార్జి కంప్యూటరు తెరను అతని వైపు తిప్పింది. ఈ ఏడాదే బూట్లలో సెన్సార్లు పెట్టారు.

"యాభయ్యో చుట్టు నుంచి మీరు ఎడమకాలు సరిగ్గా ఆనించట్లేదు. బరువంతా కుడి మీదేశారు. అప్పుడు కుడి లాగక ఏం చేస్తుంది?"

అతను వంగి ఎడమ మడమ మీద చెయ్యి పెట్టాడు.

"బరువు వల్ల కాదు మేడమ్. పంతొమ్మిదేళ్ల నుంచి బరువు కుడి మీదే వేస్తున్నాను. ఎడమకు పాత దెబ్బుంది. కుడి ఒక్కనాడూ లాగలేదు."

బూటు చెడ్డదనడానికి అతని దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. అది చెప్తే పంతొమ్మిదేళ్లుగా తను ఇచ్చిన సాక్ష్యమంతా చెల్లకుండా పోతుందని కూడా అతనికి తెలుసు. ఇన్‌ఛార్జి వెనక గోడ పొడుగునా అతను సంతకం పెట్టిన ఫైళ్లున్నాయి.

"ఈ మాట మీరు అనలేదు, నేను వినలేదు," అంది ఆమె, గొంతు తగ్గించి. "అన్నారంటే ఆ ఫైళ్లన్నీ మళ్లీ తెరవాలి."

"తెరవండి. మా అమ్మాయి వేసుకుంటోంది మేడమ్ అది."

"ల్యాబులో బూట్లు పరీక్షించే మర కాలు పది లక్షల అడుగులేసి బాగుందంది. మీదొక్కటే ఫిర్యాదు, అదీ దెబ్బతిన్న కాలితో." ఆమె ఫారం మీద 'చెల్లదు' అని రాసింది. "ఆరోగ్యం బాలేదని, పని మానేస్తున్నానని మీరే రాసిచ్చేయండి. గౌరవంగా ఉంటుంది."

రాసిచ్చాడు. ఆమె చెడ్డదేం కాదు, అందుకే అతనికి ఇంకా మండింది. బయట నీళ్ల కుళాయి దగ్గర నిలబడి కూతురికి ఫోన్ చేశాడు.

"ఆ బూటొద్దమ్మా. మడమ పోతుంది."

"ఇన్‌ఛార్జి మేడమ్ ఇప్పుడే చేశారు నాన్నా. పాత దెబ్బటగా నీకు. నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పే పరిస్థితి కాదమ్మా."

"రోజూ కుంటుకుంటూ వస్తే అలిసిపోయావనుకునేదాన్ని. అది నీ కాలు నాన్నా. నా కాలు బాగానే ఉంది. ఇలాంటి అవకాశం నీకొచ్చుంటే వదులుకునేవాడివా?"

వదులుకునేవాడు కాదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గేటు దగ్గర కార్డు ఇచ్చేసి, చేతిలో సంచీ కూడా లేకుండా, రోడ్డు మీద ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. ఇక దాచాల్సిన పని లేదు.

పరీక్షించిన బూట్లను రెండుగా కోసి లోపల చూడడం కంపెనీ పద్ధతి. ఆ కోసే ఆయన్ని రంపం అంటారు. సాయంత్రం అతను వచ్చి మడమ లేని జతను వెనక్కి ఒరిగిపోకుండా మూలకు ఆనించి కోశాడు. మీటరు బీరువా కూడా ఖాళీ చెయ్యమని పైవాళ్లు చెప్తే దాని తలుపు తీశాడు. లోపల కింది నుంచి పైదాకా పాతరకం బూట్లు. అన్నీ కుడికాలివే. జత విప్పిన ప్రతిసారీ ఎడమది అరిగి రంపానికి వచ్చింది, కుడిది తొడగకుండానే ఇక్కడ మిగిలిపోయింది. అతను వాటిలో ఒకటి తీసి దాని అడుగు చూశాడు, మట్టి మచ్చ కూడా లేదు. తొడిగిన బూటునే కొయ్యాలన్నది నియమం కాబట్టి దాన్ని మళ్లీ అక్కడే పెట్టాడు. కింది అరలో అన్నిటికన్నా పాతది, ముందువైపు కుక్కిన కాగితం పసుపెక్కి, ముడి ఎరగని లేసుతో, ఎడమవైపు కాస్త చోటు వదిలి కూర్చుంది.