తెల్లగులాబీ అచ్చు

నేను ఒక రాతి అచ్చును. అరచేతి వెడల్పు, రెండువేళ్ళ మందం. ఇప్పుడు ఒక మ్యూజియంలో గాజుపెట్టెలో పడి ఉన్నాను. చూడవచ్చినవాళ్ళు ఎంత ముద్దుగా చెక్కారో అనుకుంటూ వెళ్ళిపోతారు. నావల్ల జరిగింది తెలిస్తే అలా అనరు. ఐదువందల ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను, ఇక మీకు చెప్పుకుంటాను.

ఇంగ్లండుకు పడమటి కొసన కార్న్‌వాల్ అని ఒక సీమ ఉంది. తగరం గనుల సీమ. అక్కడి ఒక సముద్రపు ఊళ్ళో నన్ను చెక్కారు. నా మీద ఒక పడవ, అందులో ఆ ఊరి పునీతుడు. గుడికి యాత్రకు వచ్చినవాళ్ళు ఆయన బిళ్ళ కొనుక్కుని టోపీకి కుట్టుకునేవారు. తగరమూ సీసమూ కరిగించి నాలో పోస్తే, కాసేపట్లో బిళ్ళ తయారు. నన్ను చెక్కిన ముసలాయన పోయాడు, ఆయన కొడుకూ పోయాడు, చివరికి కోడలు థామసిన్ చేతికి వచ్చాను. ఆమెకు మిగిలింది నేనూ, పందొమ్మిదేళ్ళ కొడుకు పాస్కోనూ.

పిల్లాడు దగ్గితే క్షయ అనుకునేది. పడవ ఆలస్యమైతే సముద్రం మింగేసిందనుకునేది. నేను తప్పుపట్టను. ఒక్కడే ఉన్న తల్లికి ఆలోచనలు ఎప్పుడూ చెడ్డవైపే పరుగెత్తుతాయి.

అప్పటి రాజు ఏడవ హెన్రీ, ట్యూడర్ వంశంలో మొదటివాడు. పన్నెండేళ్ళ కిందట యుద్ధంలో గెలిచి కిరీటం పెట్టుకున్నాడు. అలా వచ్చింది అలాగే పోతుందేమోనని ఆయన భయం. ఓడిపోయిన వంశానికి గుర్తు తెల్లగులాబీ. ఆ వంశపు రాకుమారులిద్దరు చిన్నతనంలోనే కోటలో మాయమయ్యారు. అందులో చిన్నవాణ్ణి నేనేనంటూ ఒక యువకుడు దేశదేశాలు తిరిగి, మా ఒడ్డున దిగాడు. పన్నులతో మండిపోయి ఉన్న మావాళ్ళు వేలమంది అతని వెంట నడిచారు. నిజంగా రాకుమారుడేనా అని ఆరా తీసినవాళ్ళు తక్కువ. కోపం వచ్చిన మనుషులకు ఎవరో ఒకరు ముందు నడిస్తే చాలు.

అతని మనుషులు వచ్చి మూడువందల తెల్లగులాబీ బిళ్ళలు కావాలన్నారు. కాదంటే వీళ్ళు ఇల్లు తగలబెడతారు, చేస్తే రాజు ఉరితీస్తాడు. దగ్గరున్న భయమే పెద్దదిగా కనిపించింది థామసిన్‌కు. నన్ను బోర్లా తిప్పి, వెనకవైపు తన చేత్తోనే గులాబీ చెక్కింది. నేను రేకు రేకునా స్పష్టంగా పోతపోసి ఇచ్చాను. ఒక బిళ్ళ పాస్కో టోపీ మీదికి ఎక్కింది. తల్లి వద్దంటూనే కుట్టింది, వాడు ఆ దండు వెంట వెళ్ళాడు.

పదిహేను రోజులు తిరగలేదు, అంతా అయిపోయింది. రాకుమారుణ్ణన్నవాడు తనను నమ్మినవాళ్ళను పొలంలో వదిలేసి పారిపోయాడు. పాస్కో పుండ్లు పడిన కాళ్ళతో ఇంటికి చేరాడు. రాజు ఎక్సెటర్ పట్నానికి వచ్చాడనీ, టోపీ తీసి, మెడకు తాము తెచ్చుకున్న తాడే వేసుకుని వచ్చి తప్పు ఒప్పుకున్నవాళ్ళను క్షమిస్తాడనీ కబురొచ్చింది. పొరుగింటి హాకిన్, తాడు చుట్ట భుజాన వేసుకుని, పాస్కోను పిలవడానికి వచ్చాడు.

"తాడు మీరే తెచ్చుకుంటే రాజుకు ఖర్చు కూడా లేదు," అంది థామసిన్. "లాగడమొక్కటే పని."

"వదినా, ఇంతమందిని వేలాడదీయడానికి దేశంలో చెట్లు చాలవు," అన్నాడు హాకిన్. "రానివాడి మీదే కన్ను పడుతుంది."

పాస్కో కూడా అదే అన్నాడు. అందరూ పోతుంటే తానొక్కడే మిగలడం మంచిది కాదని నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. గుండె పట్టేసిందంటూ మంచం మీద వాలిపోయింది. సగం నటన, సగం నిజం. ఏది ఎంతో ఆమెకే తెలియదు. పాస్కో తనకోసం తీసుకున్న తాడు కింద పెట్టి, ఆమెకు నీళ్ళు పట్టుకొచ్చాడు. హాకిన్ ఒక్కడే వెళ్ళిపోయాడు.

వారానికి అందరూ తిరిగొచ్చారు, ఒక్కరు తగ్గకుండా. తాళ్ళు తీసి పారేయమన్నారట. తన తాడు మాత్రం పారేయలేదని, ఆవుకు పనికొస్తుందని హాకిన్ నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసి థామసిన్ లోపలికి వెళ్ళి, నన్ను గులాబీవైపు ఇసుకరాయి మీద పెట్టి అరగదీయడం మొదలుపెట్టింది. పగలగొడితే ముందువైపు పడవా పోతుంది, పొట్టకూడూ పోతుంది. రుద్దింది, రుద్దింది. నేను గట్టిరాయిని. కాస్త మెత్తగా పుట్టి ఉంటే బాగుండేది. బయటి రేకులు పోయాయి గానీ నడిమి రేకులు పోలేదు. అప్పుడే రాజభటులు గుమ్మం ముందు గుర్రాలు దిగారు, రానివాళ్ళ కోసం వెతుక్కుంటూ.

నన్ను ఎత్తి వెలుతురులో పట్టారు. నిండు గులాబీ ఉంటే, బెదిరించారు గనక చేశామనైనా అనవచ్చు. తప్పు దాచబోయినట్టు సగం చెరిపిన గులాబీకి ఏం చెబుతారు? ఎవరు చెక్కారని అడిగారు.

"నేనే," అన్నాడు పాస్కో. "మా అమ్మకు ఉలి పట్టడం రాదు."

థామసిన్ చేతులు వెనక్కి పెట్టుకుంది. వాణ్ణీ నన్నూ ఒకే బండిలో వేసి తీసుకుపోయారు. దారంతా వాడి మోకాలు నాకు తగులుతూనే ఉంది.

పట్నంలోని కచేరీలో నన్ను ఒక అరమీద పెట్టారు. అయిదోరోజు థామసిన్ వచ్చింది, అంతదూరం నడిచి. ఆమె ఒంటరిగా ఊరి పొలిమేర దాటడం అదే మొదలు. బల్ల దగ్గర రాసుకుంటున్న గుమస్తా ముందు నిలబడి, ఆ గులాబీ చెక్కింది తానేననీ, పిల్లాణ్ణి వదిలేసి తనను పట్టుకొమ్మనీ చెప్పింది. గుమస్తా కాగితాలు తిరగేశాడు.

"మొన్ననే ఉరి అయిపోయిందమ్మా."

వాడు ఏమైనా చెప్పాడా అని ఆమె అడిగింది.

"మూడుసార్లు అడిగాం. తల్లికి ఉలి పట్టడం రాదనే చెప్పాడు."

థామసిన్ రెండు చేతులూ బల్లమీద పెట్టి, వెల్లకిలా తిప్పింది. వేళ్ళ మొదళ్ళలో ఉలి పట్టి కాసిన కాయలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చూడండి బాబూ," అంది.

అరమీద ఉన్న నాకు కూడా కనిపిస్తున్నాయి. గుమస్తా తల ఎత్తకుండా, కలం సిరాలో ముంచుకుని తరవాతి పేరు రాయసాగాడు.