కనుమలో కాలు కింద పెట్టనివాడు

నంది కనుమను సైకిలు దిగకుండా ఎక్కేవాడు నంద్యాల మొత్తం మీద నేనొక్కడినే. ఈ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేనే చెప్పుకునేవాడిని. నేను మిషన్ బడిలో అయ్యవారిని. నా భార్య జీవమ్మ కనుమకు అవతల ఒక అడవిపల్లె బడిలో పాఠాలు చెప్పేది. నాలుగేళ్ల మా సుగుణ ఆమె దగ్గరే ఉండేది. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే సైకిలెక్కేవాడిని.

కనుమలో బండ్లవాళ్లకు నాతో ఒక ఆట. నన్ను ఎలాగైనా దించాలని ఎదురొచ్చే ప్రతివాడూ ఒక అబద్ధం ఆడేవాడు. చక్రంలో గాలి పోయిందని ఒకడు, వెనక మూట జారిపోయిందని ఇంకొకడు. అందరికన్నా గట్టిగా అరిచేవాడు ఆ పల్లె సంజీవయ్య. నేను తలెత్తకుండా ఒక చెయ్యి ఊపి తొక్కుకుంటూ పోయేవాడిని. ఆ ఏటవాలులో ఒకసారి కాలు కింద పెడితే మళ్లీ ఎక్కి తొక్కడం మనిషి తరం కాదు. అదొక సాకు. అసలు సంగతి నా పొగరు.

యుద్ధం రోజులు. క్వినైన్ బంగారమైపోయింది. సుగుణకు చలిజ్వరమని జీవమ్మ కబురు పెడితే, ఆసుపత్రిలో కాళ్లావేళ్లా పడి పన్నెండు మాత్రలు సంపాదించాను. శనివారం తెస్తానని కబురు పంపాను. ఆ రోజు పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాను.

చివరి మలుపు దగ్గర ఒక గూడుబండి దిగుతూ ఎదురైంది. పగ్గాలు బిగబట్టి సంజీవయ్య అరిచాడు.

"యాకోబప్పా, దిగు! బిడ్డ ఈడుంది!"

ఆటలోకి నా బిడ్డను కూడా లాగాడే అని ఒళ్లు మండింది. గూడులోనుంచి ఒక ఆడగొంతు కూడా పిలిచింది. ఎవరో ప్రయాణికురాలిని కూడా కలుపుకున్నాడనుకున్నాను. ఎద్దుల గంటల మోతలో గొంతు పోల్చుకోలేదు. పోల్చుకోవాలని చూడనూ లేదు. చెయ్యి ఊపాను. ఆ వాలులో బండిని ఆపడం కుదరదు. నేను ఆగగలను. ఆగలేదు.

పల్లె చేరేసరికి ఇంటికి తాళం. పక్కింటి రాములమ్మ నన్ను చూసి బిత్తరపోయింది.

"బిడ్డకు జ్వరం ఎక్కువాయె. నంద్యాలకు తీసకపోతా, కనుమలో ఆయప్ప ఎదురొస్తాడు, మాత్ర ఆడనే వేస్తా అని పాయె గదప్పా. నీకు కనపడలేదా?"

వచ్చిన దారినే తిరిగి తొక్కాను. ఎన్నిసార్లు దిగానో, ఎన్నిసార్లు పడ్డానో గుర్తులేదు.

కనుమ దిగాక, గాజులపల్లె ఇవతల బండి ఆగి ఉంది. ఎద్దులను విప్పేశారు. అది చూడగానే నాకు తెలిసిపోయింది. సంజీవయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అటు తిరిగాడు. జీవమ్మ ఒళ్లో ఉన్న సుగుణ పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఏం చేయాలో తోచక పొట్లం తీసి వాళ్ల పక్కన పెట్టాను.

జీవమ్మ తిట్టి ఉంటే బతికిపోయేవాడిని. బిడ్డ చెయ్యి నిమురుతూ అంది.

"బండి వెనకనుంచి నిన్ను చూసింది. నాయన చెయ్యి ఊపినాడమ్మా అని తనూ ఊపింది. నువ్వు మలుపు తిరిగేదాకా ఊపుతానే ఉండె."