ఏసన్న రాసిన రోజులు

కోడుమూరు దాటి ఆరు కిలోమీటర్లు పోతే ఒక వంక వస్తుంది. దాని మీద వంతెన కట్టే కాంట్రాక్టు డోన్ ఊరి రంగనాథ్‌ది. సైటు ఇంజనీరు సాహితి కడప పిల్ల. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ముసలి మేస్త్రీ ఏసన్న ఇరవై ఏళ్లుగా రంగనాథ్‌ని నమ్ముకుని ఉన్నాడు. పని మొదలైన రోజే సాహితి అతని చేతికి ఒక లావుపాటి రిజిస్టరు ఇచ్చింది.

"ఏ రోజు ఏం జరిగితే అది రాయి ఏసన్నా. పని ఆగితే ఎందుకు ఆగిందో అదీ రాయి."

ఏసన్న ఒక్క రోజు కూడా వదలకుండా రాశాడు.

వంతెన తొంభై ఒక్క రోజులు ఆలస్యమైంది. జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పమని కర్నూలు ఇంజనీర్ల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వంకలోకి మిషన్లు దిగాలంటే గిడ్డమ్మ అనే రైతు చేను దాటాలి. ప్రభుత్వం ఆ చేను తీసుకుంది గానీ పరిహారం ఇవ్వలేదు. అది ఇచ్చేదాకా అడుగు పెట్టనీయనని గిడ్డమ్మ గట్టు మీద కూర్చుంది. అట్లా అరవై ఒక్క రోజులు పోయాయి. తర్వాత నవంబరు వానలకు వంక పారి ఇంకో పన్నెండు రోజులు. ఈ రెండూ కాంట్రాక్టరు తప్పు కాదు కాబట్టి ఒప్పందం ప్రకారం అన్ని రోజులూ గడువు పెంచాలి.

చిక్కంతా మధ్యలోని పద్దెనిమిది రోజుల దగ్గరే. పరిహారం వచ్చింది, గిడ్డమ్మ దారి వదిలింది. మిషన్ చేన్లోకి తిరిగేసరికి ఏసన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"బుడ్డలు ఇంకా పాల మీద ఉండాయి సాహితమ్మా. కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు కాలీ చెయ్యమంటామా?"

సాహితి ఆ పచ్చటి వేరుశనగ చేనువైపు చూసి మిషన్‌ను వెనక్కి పంపించేసింది. కాయ గట్టిపడేదాకా ఆగారు.

గడువు అడిగితే ఆఫీసు వాళ్లు, "చేను మొదటి రోజే అప్పజెప్పినట్టు మా కాగితాల్లో ఉంది, అరవై ఒక్క రోజులు పని ఆగిందనడానికి సాక్ష్యం ఏదీ?" అంటున్నారు. ఉన్న సాక్ష్యం ఏసన్న రిజిస్టరు ఒక్కటే. రంగనాథ్ సైటుకొచ్చి దాన్ని తిరగేసి తల పట్టుకున్నాడు.

"ఏమప్పా ఏసన్నా, ఇదేం రాత? 'ఈ పొద్దు పని ల్యా. గిడ్డమ్మ బుడ్డలు పీకుతాంది. మేమూ పోయి పీకినాము.' ఇది పట్టకపోయి చూపిస్తే మిగిలినదాన్నైనా నమ్ముతారా?"

"జరిగింది అదే కదా సార్."

రంగనాథ్ పోతా పోతా సాహితిని పక్కకు పిలిచి, "కొత్త రిజిస్టరు కొని, ఆ పద్దెనిమిది రోజులూ గిడ్డమ్మ దారి ఇవ్వలేదని రాయించమ్మా" అన్నాడు.

మర్నాడు సాహితి కొత్త రిజిస్టరు తెచ్చింది. రేకుల షెడ్డులో పాతది తెరిచి ఆమె చదువుతుంటే ఏసన్న కొత్తదాంట్లో రాస్తున్నాడు. అక్టోబరు దాకా సాఫీగా సాగింది. పద్నాలుగో తేదీ దగ్గర ఆమె చదవడం ఆపింది.

'సాహితమ్మకు జొరం. గిడ్డమ్మ రాగి జావ కాంచి తెచ్చింది. అమ్మ లోటాడు తాగింది.'

పదిహేనో తేదీ: 'జొరం తగ్గల్యా. గిడ్డమ్మ ఈడే పండుకునింది.'

"ఈ పొద్దుకు ఏం రాయాల అమ్మా?" అని అడిగాడు ఏసన్న, పెన్ను పట్టుకుని.

ఆయమ్మ దారి ఇవ్వలేదు అని చెప్పాలి. ఆ రెండు రోజులు తన తల కింద పెట్టిన కొంగు గిడ్డమ్మదే.

"ఏమీ వద్దు ఏసన్నా. ఆపేయి."

డెబ్బై మూడు రోజులకే గడువు అడుగుతూ ఆమె మళ్లీ అర్జీ రాసింది. పద్దెనిమిది రోజులు మేమే ఆగామని ఒక పేరా పెట్టింది. ఉద్యోగం పోయినా పోతుందనుకుంటూనే రంగనాథ్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను "నీ ఇష్టం" అని పెట్టేశాడు.

కర్నూలు ఆఫీసులో పెద్ద ఇంజనీరు నారాయణ ముందు సాహితి, ఏసన్న కూర్చున్నారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రిజిస్టరు మొదటి పేజీ నుంచీ చదివాడు. ఒకచోట నవ్వాపుకోలేకపోయాడు.

"ఎవరప్పా నువ్వు, కూలోళ్లను తీసకపోయి బుడ్డలు పీకించినోడివి?"

"నేనే సార్. నాలుగు దినాలు పీకినాము."

"అది రాస్తే మీకే దెబ్బ అని తెల్దా?"

"తెలుసు సార్. ఏం జరిగితే అది రాయమని ఈయమ్మ చెప్పింది. శానా గట్టిగా చెప్పింది."

నారాయణ రిజిస్టరు మూసి పక్కనున్న గుమాస్తాతో అన్నాడు. "మన కాగితం మీద ఒక్క సంతకం ఉంది. ఇందులో ప్రతి రోజు సంగతీ ఉంది. తనకు చెడ్డయ్యేది కూడా దాచనోడు మన మీద అబద్ధం ఎందుకు రాస్తాడు? డెబ్బై మూడు రోజులూ ఇద్దాం. పద్దెనిమిది రోజులకు జరిమానా తప్పదమ్మా, అది మీరే ఒప్పుకున్నారు."

బయటికి రాగానే సాహితి రంగనాథ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"పద్దెనిమిది రోజులది పడిందా?"

"పడింది సార్."

"పడనీలే. అరవై ఒకటి పోతుందని రాత్రంతా నిద్ర ల్యా నాకు." గొంతు తగ్గించాడు. "ఆ ముసలోడు పొద్దున్నుంచి ఏమన్నా తిన్యాడా? వానికి షుగరుండాది. ముందు తినిపీ."

ఏసన్న అప్పటికే రోడ్డు దాటి ఉగ్గాని టిఫిన్ బండి దగ్గర నిలబడి, రెండు ప్లేట్లు చెప్పి, ఇటు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.