శుష్కమత్స్యగంధప్రియ

శరత్కాలాపరాహ్ణంబున పశ్చిమదిశకు వ్రాలుచున్న భానుబింబము తన కుంకుమకాంతులను తరంగశిఖరములపై పఱచుచుండ తూర్పుతీరమునందలి సాగరశోభ యను అపార్టుమెంటు గృహస్థులు రక్తపోటుభీతిచే వాహ్యాళి వెడలి, ఇసుకదిబ్బపై నెండుచున్న నెత్తళ్లు అను చిఱుచేపల గంధమునకు నాసికలు మూసికొని, సముద్రపుగాలి కొఱకే యిచ్చట నిండ్లు కొంటిమని యొండొరులకు చెప్పికొనుచుండిరి.

ఆ భవనపు మూడవ యంతస్తున వసించు ఇందీవర యను యువతి, తెరపై బొమ్మలతో నడచుచు చదువరి యెంచుకొన్న త్రోవనే పోవు విజువల్ నావెల్ నొకదానిని రచించుచు, అందలి కడలితీరమునకు పురాణము లేకున్న వెలితియగునని తలపోసి, కిటికీకెదురుగానున్న యా దిబ్బనే చిత్రించి, అచ్చట అలలు లెక్కించుచు శిలయైపోయిన శంఖిని యను దేవతను కాఫీ చల్లారులోపల సృష్టించెను. ఆమె తండ్రి పరాంకుశముగారు ఆ పుటలు చదివి, కల్పన యను మాట మఱచి, "మన స్థలపురాణము" అను శీర్షికతో భవనవాసుల వాట్సాపు గుంపునకు పంపెను. వారము తిరుగకమున్నే శంఖినికి వ్రతమును, వ్రతమునకు ఉపవాసమును, ఉపవాసమునకు మూడువిధముల ఫలహారమును ఏర్పడెను. పిమ్మట సంఘాధ్యక్షులగు విశ్వపతిగారు దిబ్బపై గుడి కట్టింప నిశ్చయించి, ముప్పదేండ్లుగా నచ్చట చేపలెండబెట్టు తౌడమ్మను ఆదివారములోపల తావు విడువుమనిరి.

"ఈ దిబ్బ పోతే నా సేప యెక్కడెండాలమ్మా? మీ మేడమీద ఎండెట్టుకోనిస్తారేటి?" అని తౌడమ్మ తన్నడుగ ఇందీవర విశ్వపతిగారి కడకేగెను.

"ఆ దేవత లేదండీ అంకుల్. నేనే కల్పించాను."

"మా ఆవిడకి మోకాళ్ల నొప్పి తగ్గిందమ్మా. అదీ నువ్వే కల్పించావా?" అని యాయన శాంతముగా పలికెను. "అమ్మవారే నీచేత రాయించింది. చిన్నదానివి, నీకు తెలీదు."

సత్యము చెల్లనిచోట కల్పనయే శరణ్యమని యెఱిగిన ఇందీవర యింటికి మరలి, ఎండుచేపల పరిమళము సోకని తావున శంఖిని క్షణమైన నిలువదని నూతనాధ్యాయము వ్రాసి తండ్రి కంటబడునట్లుంచెను. ఆయన యలవాటు చొప్పున దానిని గుంపునకు పంపెను.

ఆదివారమున గృహస్థులు నాసికలు విప్పి దీర్ఘశ్వాసలతో దిబ్బచుట్టు ప్రదక్షిణము సేయుచుండిరి. గుడిమాట యెత్తినవారు లేరు.

"తౌడమ్మా, కాస్త గాలివాటుకి పెట్టు తల్లీ. మా ఆవిడకి వాసన అందట్లేదు," అని విశ్వపతిగారు వినయముతో వేడిరి.

తౌడమ్మ చేపలు జరిపి ఇందీవరను చేరబిలిచెను. "బాగానే ఉందమ్మా. మరి రేపు నీ కతలో ఆ తల్లికి సేప వాసన గిట్టదనుకో. అప్పుడు నానెక్కడికి పోవాల?"

ఇందీవర మేడకు మరలి తెర ముందు కూర్చుండెను. ముగించిన నేమగునో, ముగింపకున్న నేమగునో తెలియక యామె ఆ కథ కడపటి పుటను నేటికిని వ్రాయలేదు. తౌడమ్మయు ప్రతిసాయంకాలము నెత్తళ్లను తిరుగవేయుచు నడుమనడుమ తలయెత్తి మూడవ యంతస్తు కిటికీలో తెర వెలుగుచున్నదో లేదో చూచుచుండును.